‘కరెంటు పెట్టడం’ అన్న మాటే నయం

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. నేను చెన్నైలో ఒక ఆసుపత్రి రేడియోథెరపీ విభాగంలో, అంటే క్యాన్సర్‌కు కిరణాలతో వైద్యం చేసే చోట, టెక్నాలజిస్టుగా పని చేస్తున్నాను. మాది సూళ్లూరుపేట. డిప్లొమా చదవడానికి ఈ ఊరొచ్చిన దాన్ని, ఇక్కడే ఉద్యోగం, పెళ్లి, పిల్లలు అన్నీ జరిగిపోయాయి. ఈ పనిలో చేరి 28 ఏళ్లయింది. నెల్లూరు, తిరుపతి, కడప, ఒంగోలు వైపు నుంచి క్యాన్సర్ వైద్యం కోసం ఎంతమంది మద్రాసు వస్తారో మీకు తెలియంది కాదు. మా విభాగంలో తెలుగు ధారాళంగా మాట్లాడేది నేనొక్కదాన్నే. అందుకని వాళ్లకు ఏం చెప్పాలన్నా, వాళ్లు ఏం అడగాలన్నా నా దగ్గరికే పంపిస్తారు.

మన వాళ్లు ఈ కిరణాల వైద్యాన్ని రేడియేషన్ అనరు, ‘కరెంటు పెట్టడం’ అంటారు. ‘పదిహేను కరెంట్లు పెట్టాలన్నారమ్మా’, ‘మా ఆయనకు నిన్నటితో కరెంట్లు అయిపోయినాయి’ అంటారు. ఇక్కడి తమిళుల నోట కూడా కరెంట్ అన్న మాటే వినిపిస్తుంది. కొత్తలో నేను ఆ మాటను సరిదిద్దేదాన్ని. ‘కరెంటు కాదు పెద్దమ్మా, రేడియేషన్ అనాలి’ అనేదాన్ని. ఇప్పుడు మానేశాను. ఎందుకు మానేశానో మీకూ, మీ పాఠకులకూ చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పొడుగైతే మన్నించండి.

పోయిన కార్తీకంలో నాయుడుపేట దగ్గరి పల్లె నుంచి ఒక అమ్మాయి వచ్చింది. 31 ఏళ్లు. రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో అయ్యాక డాక్టరుగారు 15 సిట్టింగులు రాశారు. రోజుకొకటి, వారానికి 5, మొత్తం 3 వారాలు. తోడుగా అత్తగారు, రెండున్నరేళ్ల పాప. ఆసుపత్రికి రెండు వీధుల అవతల గది అద్దెకు తీసుకున్నారు.

ఈ వైద్యానికి బల్ల మీద వెల్లకిలా పడుకుని, రెండు చేతులూ తలకు పైగా చాపి, అక్కడుండే పిడి పట్టుకోవాలి. ఒంటి మీద మేం మార్కర్‌తో గీసిన గీతలను గోడల నుంచి పడే లేజర్ గీతలతో సరిపెడతాం. ఆ తర్వాత కదలకూడదు. మేం బయటికి వచ్చేస్తాం, బరువైన తలుపు మూసుకుంటుంది, లోపల పేషెంటు ఒక్కరే ఉంటారు. మేం కెమెరాలో చూస్తూ ఉంటాం. ఆరో రోజు తెర మీద చూస్తే ఆ అమ్మాయి కంటి కొసల నుంచి నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి. చేతులు పైన ఉన్నాయి, కదలొద్దని మేమే చెప్పాం. తుడుచుకోవాలని చూడను కూడా లేదు. బీమ్, అంటే కిరణాల ధార, ఆపేసి లోపలికి వెళ్లాను. నొప్పిగా ఉందా అంటే లేదంది. కాసేపటికి, ‘పాపను నా దగ్గరికి రానీడం లేదక్కా’ అంది.

ఆ అత్తగారు చెడ్డ మనిషి కాదు. కోడలికి వేడి నీళ్లు కాచి ఇచ్చేది, కూరలో కారం తగ్గించి వండేది, మందుల వేళ ఒక్కటీ తప్పనిచ్చేది కాదు. కానీ పళ్లెం వేరు, గ్లాసు వేరు. కోడలు గదిలో, తానూ పాపా బయట వరండాలో చాప మీద. పాప ‘అమ్మా’ అని లోపలికి పరిగెత్తబోతే గబుక్కున ఎత్తుకుని మెట్ల దాకా తీసుకెళ్లేదట. ఊరికి వెళ్లాక కూడా 3 నెలలు పాపను వేరే ఇంట్లో ఉంచాలని అనుకున్నారు. ఎందుకని అడిగితే, ఆమె సంచిలోంచి నాలుగు మడతలు పెట్టిన పేపరు ముక్క తీసి నా చేతిలో పెట్టింది. కొడుకు కత్తిరించి ఇచ్చాడట. ఒక కాలనీ వాళ్లు సెల్ టవర్ వద్దని చేసిన ధర్నా వార్త అది. పైన పెద్ద అక్షరాలతో ‘రేడియేషన్ ముప్పు’. పక్కనే 1986 నాటి చెర్నోబిల్ అణు విద్యుత్ కేంద్రం ప్రమాదం ఫోటో. వార్త నిండా రేడియేషన్ అన్న మాటే. ఏ రేడియేషన్ అన్నది మాత్రం ఎక్కడా లేదు. ఏ పత్రికదన్నది ఇక్కడ ముఖ్యం కాదు, అందరూ ఇలాగే రాస్తున్నారు. ఒకే మాట కింద సెల్ టవర్, అణు ప్రమాదం, నా పేషెంటు ఒంటికి పెట్టే వైద్యం మూడూ చేరిపోయాయి. ఒక పిల్ల ఆరు రాత్రులు తల్లికి దూరంగా పడుకుంది.

నేను ఆ అత్తగారికి, ఆ పెద్దమ్మకు, చెప్పింది ఇక్కడ కొంచెం వివరంగా చెబుతాను.

మన ఇంటి వైర్లలో కదిలేవి ఎలక్ట్రాన్లు. వాటికి విద్యుదావేశం ఉంటుంది. ఆవేశం ఉన్న కణం ఒకచోట ఊరికే ఉన్నా, ఒకే వేగంతో తిన్నగా పోతున్నా దాని నుంచి ఏ కిరణమూ బయటికి రాదు. వడి పెరిగితే వస్తుంది, తగ్గితే వస్తుంది, దారి వంగినా వస్తుంది. ఈ మూడింటినీ కలిపి భౌతికశాస్త్రంలో త్వరణం అంటారు. ఎందుకు అలా అన్న ప్రశ్న నన్ను చదువుకునే రోజుల్లో చాలా వేధించింది. సూత్రం బట్టీ పట్టాను గానీ బొమ్మ కళ్లకు కట్టలేదు. ఎలక్ట్రాన్‌ను కనిపెట్టిన జె.జె. థామ్సనే చక్కటి బొమ్మ ఇచ్చాడని తర్వాత ఎప్పుడో తెలిసింది.

పిల్లలు సూర్యుడి బొమ్మ గీసి చుట్టూ గీతలు పెడతారు కదా, ఎలక్ట్రాన్ చుట్టూ అలాంటి బలరేఖలు, అంటే దాని విద్యుత్ బలం ఎటు పనిచేస్తుందో చూపే గీతలు, అన్ని వైపులకూ సాగి ఉన్నాయనుకోండి. అది పోతూ పోతూ హఠాత్తుగా ఆగింది. ఆగిందన్న సంగతి చుట్టూ ఉన్న చోటంతటికీ ఒక్కసారిగా తెలియదు. ఆ కబురు కాంతి వేగంతోనే పోవాలి, అంటే నానోసెకనుకు దాదాపు 30 సెంటీమీటర్లు. ఒక్క నానోసెకను గడిచాక చూస్తే, 30 సెంటీమీటర్ల లోపలి గీతలన్నీ ఎలక్ట్రాన్ ఆగిన చోటుకు గురిపెట్టి ఉంటాయి. ఆ అవతలి గీతలకు కబురు ఇంకా అందలేదు. అది పోతూనే ఉందనుకుని, ఈపాటికి ఎక్కడికి చేరి ఉండాలో ఆ చోటుకు గురిపెట్టి ఉంటాయి. గీత మధ్యలో తెగడానికి లేదు. కాబట్టి లోపలి గీతా, బయటి గీతా కలిసే చోట ఒక మడత పడుతుంది. కబురు పోతున్నంత దూరం ఆ మడతా పోతూనే ఉంటుంది. విద్యుదయస్కాంత తరంగం అనే పెద్ద పేరు ఈ మడతదే. బావి గట్టు మీద నిలబడి చేంతాడును ఒక్క ఊపు ఊపితే వంకర కిందికి బొక్కెన దాకా పోతుంది, ఊపిన చెయ్యి ఉన్న చోటే ఉంటుంది. అలాంటిదే.

ఇందులో నాకు అన్నిటికంటే నచ్చే సంగతి ఒకటుంది. మామూలు విద్యుత్ క్షేత్రం, అంటే ఆవేశం చుట్టూ ఉండే దాని ప్రభావం, దూరం రెట్టింపయితే నాలుగో వంతుకు పడిపోతుంది. ఈ మడత మాత్రం సగానికే తగ్గుతుంది. అందుకే మామూలు క్షేత్రం దగ్గర్లోనే సన్నగిల్లిపోతే, ఇది శక్తిని మోసుకుని ఎంత దూరమైనా పోగలుగుతుంది. ఒకసారి బయలుదేరిన మడతకు ఆ ఎలక్ట్రాన్‌తో మళ్లీ పని లేదు. వెనక్కి రాదు, దాని కోసం ఆగదు. ఎంత శక్తి పోతుందో 1897లో ఐర్లండ్ శాస్త్రవేత్త జోసెఫ్ లార్మర్ లెక్క కట్టాడు. త్వరణం రెట్టింపయితే పోయే శక్తి 4 రెట్లవుతుంది. మూడు రెట్లయితే 9 రెట్లు. ఎలక్ట్రాన్ చాలా తేలిక కాబట్టి ఈ పనికి దానికి సాటి లేదు. ప్రోటాన్ దానికంటే 1,836 రెట్లు బరువు. అదే బలంతో నెడితే త్వరణం అన్ని రెట్లు తగ్గుతుంది, కిరణాల శక్తి దాదాపు 34 లక్షల రెట్లు తగ్గుతుంది.

ఇప్పుడు ఎక్స్‌రే సంగతి. 1895 నవంబరు 8న జర్మనీలోని వుర్జ్‌బర్గ్‌లో రాంట్‌గెన్ ఈ కిరణాలను కనిపెట్టాడు. అవేమిటో తెలియక ఎక్స్ అన్నాడు. గాజుగొట్టంలో వేగంగా వచ్చిన ఎలక్ట్రాన్లు ఎదురుగా ఉన్నదానికి కొట్టుకుని ఆగినప్పుడు పుట్టినవే అవి. ఈ కిరణాలకు జర్మన్లు పెట్టిన పేరు బ్రెమ్‌స్ట్రాలుంగ్. ‘బ్రేకు కిరణం’ అని అర్థం. ఇంతకంటే ఉన్నదున్నట్టు చెప్పే పేరు మా శాస్త్రంలో ఇంకోటి నేను చూడలేదు. ఇప్పటికీ మన ఊళ్లలో ఛాతీ ఎక్స్‌రే తీసేది ఇదే పద్ధతిలో. ‘ఊపిరి బిగబట్టండి’ అన్నప్పుడు గొట్టం ఉన్న పెట్టెలోంచి ఏదో గిర్రున తిరిగే చప్పుడు మీరు వినే ఉంటారు. అది టంగ్‌స్టన్ పూత ఉన్న బిళ్ల. ఎలక్ట్రాన్లు వచ్చి దానికే కొట్టుకుంటాయి. వాటి శక్తిలో ఎక్స్‌రేగా మారేది 1 శాతం లోపే, మిగతాదంతా వేడి. బిళ్ల ఒకేచోట దెబ్బ తింటే కరిగిపోతుందని తిప్పుతూ ఉంటారు.

మా గదిలో ఉండేది లీనియర్ యాక్సిలరేటర్, మేం లినాక్ అంటాం. పని అదే, జోరు ఎక్కువ. ఇందులో ఎలక్ట్రాన్లను సెకనుకు సుమారు 300 కోట్ల సార్లు ఊగే మైక్రోవేవ్‌ల మీద ఎక్కించి తోస్తాం. 6 ఎంవీ (60 లక్షల వోల్టుల) బీమ్ అంటే, మీటరుకు అటూ ఇటూ ఉండే గొట్టం దాటేసరికి అవి కాంతి వేగంలో 99.7 శాతం అందుకుంటాయి. అంత వేగంతో పోయి టంగ్‌స్టన్‌లో కొన్ని మిల్లీమీటర్ల లోపలే ఆగిపోతాయి. ఆ బ్రేకు దెబ్బకు పుట్టిన ఎక్స్‌రేలకు గడ్డ ఆకారంలో దారి కట్టి ఒంటి మీదికి పంపుతాం. గోడలు ఒకటిన్నర, రెండు మీటర్ల మందం కాంక్రీటు. లోపల నుంచి వచ్చే జుయ్‌మనే చప్పుడు విని కొత్త పేషెంట్లు భయపడతారు.

కరెంటు తీస్తే ఎలక్ట్రాన్ రాదు. ఎలక్ట్రాన్ రాకపోతే బ్రేకు లేదు. బ్రేకు లేకపోతే కిరణం లేదు. చివరి కిరణం ఆ గదిలో ఎక్కడో ఇంకిపోవడానికి సెకనులో పది లక్షల వంతు కూడా పట్టదు. ఎర్ర లైటు ఆరి, తలుపు తెరుచుకుని, నేను లోపలికి అడుగుపెట్టేసరికి అది ఎప్పుడో అయిపోయిన కథ. నేను రోజుకు 40, 50 సార్లు అలా లోపలికి వెళ్తాను. సీసం కోటు ఉండదు, మామూలు కాటన్ చీర, పైన తెల్ల కోటు. పేషెంటు భుజం పట్టి లేపుతాను, జాకెట్టు హుక్కులు పెట్టుకోలేని వాళ్లకు పెడతాను. నా జేబుకు ఒంటికి తగిలిన రేడియేషన్‌ను లెక్కపెట్టే టీఎల్‌డీ బ్యాడ్జి ఉంటుంది, 3 నెలలకోసారి పరీక్షకు పోతుంది. ఒంటికి తగిలే రేడియేషన్‌ను మిల్లీసీవర్ట్‌లలో కొలుస్తారు, మా పనివాళ్లకు ఏడాదికి సగటున 20 మిల్లీసీవర్ట్ దాటకూడదన్నది నియమం. ఇన్నేళ్లలో నా బ్యాడ్జి దాని దరిదాపులకు పోలేదు.

మాటలతో ఆ పెద్దమ్మకు నమ్మకం కుదరలేదు. కుదరకపోవడం సహజం. అందుకని ఆ రోజు సిట్టింగు అయ్యాక కిరణాల లెక్కలు చూసే మా ఫిజిసిస్టును బతిమాలి, రేడియేషన్ కొలిచే సర్వే మీటరు తెప్పించాను. ముందు వరండాలో పెట్టి అంకె చూపించాను. తర్వాత ఆమెను ట్రీట్‌మెంట్ గదిలోకి తీసుకెళ్లి మీటరు ఆమె చేతికే ఇచ్చాను. కోడలి గుండెల మీద, సరిగ్గా గీతలు గీసిన చోట పెట్టమన్నాను. చెయ్యి వణికింది గానీ పెట్టింది. వరండాలో ఎంతో ఇక్కడా అంతే. రెండోసారి పెట్టి చూసింది. ‘మరి తోలు నల్లబడింది గదమ్మా, లోపలేం లేకుండానే నల్లబడిందా?’ అని అడిగింది. మంచి ప్రశ్న. కిరణం పోతూ పోతూ తన శక్తిలో కొంత అక్కడ వదిలింది, దానివల్ల కణాలు దెబ్బతిన్నాయి, క్యాన్సర్ కణాలు దెబ్బతినాలనే ఇదంతా, కానీ కిరణం మాత్రం అక్కడ లేదు అన్నాను. ఆమె కొంచెంసేపు మీటరు వంకే చూసి, ‘అట్టయితే వాత ఉంటది, నిప్పుండదు. అంతేనా?’ అంది.

అంతే. నేను 28 ఏళ్లుగా వెతుక్కుంటున్న మాట ఆమె నోట వచ్చింది. ఇప్పుడు ప్రతి కొత్త పేషెంటుకూ నేను ఇదే మాట చెబుతున్నాను.

మర్నాడు పాప వెయిటింగ్ హాల్లో తల్లి ఒళ్లో ఉంది. వైద్యం జరిగే వైపు చర్మం మెత్తబడి మంటగా ఉంటుంది కాబట్టి రెండో వైపు ఎత్తుకోమని మాత్రం చెప్పాను.

అన్ని వైద్యాలకూ ఇదే వర్తిస్తుందని ఎవరూ అనుకోకూడదు, అందుకే ఇది కూడా రాయాలి. థైరాయిడ్ క్యాన్సర్‌కు అయోడిన్-131 మందు మింగిస్తారు. అది దానంతటదే కిరణాలు విడిచే పదార్థం, దాని బలం 8 రోజులకు సగమవుతుంది. ఆ పేషెంట్లు డాక్టరు చెప్పినన్ని రోజులు పిల్లలకూ గర్భిణులకూ దూరంగా ఉండి తీరాలి. క్యాన్సర్ ఎక్కడెక్కడ ఉందో చూసే పెట్ స్కాన్‌కు ఎక్కించే మందు 110 నిమిషాలకు సగమవుతుంది, అక్కడ జాగ్రత్త కొన్ని గంటలు. నేను ఉద్యోగంలో చేరినప్పుడు లినాక్ లేదు, కోబాల్ట్ మిషను ఉండేది. కోబాల్ట్-60కి స్విచ్ లేదు. మనం చేయగలిగిందల్లా దాన్ని సీసం గూట్లోకి లాగి మూసేయడమే. 5 ఏళ్ల 3 నెలలకు సగమయ్యే పదార్థం కాబట్టి నెలనెలా దాని బలం సుమారు 1 శాతం తగ్గేది, ఆ మేరకు మేం పేషెంటుకు పెట్టే టైము పెంచుకుంటూ పోయేవాళ్లం. అయినా కోబాల్ట్ వైద్యం చేయించుకున్న వాళ్ల ఒంట్లో కూడా ఏమీ మిగలదు, ఆ దినుసు మిషనులోనే ఉంటుంది గనుక. చెర్నోబిల్‌లో జరిగిన ఘోరం ఏమిటంటే, దానంతటదే కిరణాలు విడిచే అలాంటి దినుసే దుమ్ములా గాలిలో లేచి నేల మీద, గడ్డి మీద, పాలల్లో పడింది. అందులోని సీజియం-137 సగం కావడానికి 30 ఏళ్లు. నిప్పే వచ్చి ఒంటి మీద, ఇంటి మీద పడడం అది. ఆ ఫోటోను సెల్ టవర్ వార్త పక్కన వేయకండి.

సెల్ టవర్ దగ్గరికి వస్తాను. నా చిన్నప్పుడు సూళ్లూరుపేటలో మా నాన్న మద్రాసు రేడియో పెట్టేవారు. ఆకాశవాణి చెన్నై కేంద్రం 720 కిలోహెర్ట్జ్ అంటే, ఇక్కడి స్తంభంలో ఎలక్ట్రాన్లను సెకనుకు 7 లక్షల 20 వేల సార్లు ముందుకూ వెనక్కూ ఊపడం. ఊగడమంటేనే వేగం మారడం. కాబట్టి మడతలు ఒకదాని వెనక ఒకటి బయలుదేరి మా ఇంటి రేడియో తీగలోని ఎలక్ట్రాన్లను అదే లయలో ఊపేవి. సెల్ టవర్‌లో జరిగేదీ అదే పని, కాకపోతే 90 కోట్ల సార్లు, 200 కోట్ల సార్లు ఊపుతారు. విద్యుదయస్కాంత తరంగాలు ఇలా ఉండాలని 1865లో శాస్త్రవేత్త మ్యాక్స్‌వెల్ ప్రచురించిన లెక్కల్లో ఉంది. జర్మన్ శాస్త్రవేత్త హెర్ట్జ్ 1887లో నిప్పురవ్వలతో పుట్టించి చూపాడు. 1895లో కలకత్తాలో జగదీశ్ చంద్ర బోసు వాటితోనే దూరంగా ఉన్న గంట మోగించాడు. రాంట్‌గెన్ ఎక్స్‌రే చూసిన ఏడాదే అది.

పుట్టుక ఒకటే అయినా పని ఒకటి కాదు. ఈ తరంగాలు శక్తిని పొట్లాలుగా ఇస్తాయి, ఎంత వేగంగా ఊగితే పొట్లం అంత పెద్దది. ఎక్స్‌రే గదిలో ఒక్కో పొట్లం 900 మెగాహెర్ట్జ్ సెల్ తరంగం పొట్లానికి సుమారు 1,600 కోట్ల రెట్లు. అణువుల్లోంచి ఎలక్ట్రాన్‌ను ఊడగొట్టి డీఎన్‌ఏను తెంచగలిగే సత్తా ఎక్స్‌రే పొట్లానికి ఉంది. సెల్ తరంగానికి లేదు. మనం చూసే పచ్చ రంగు వెలుతురు పొట్లమే దానికంటే 6 లక్షల రెట్లు పెద్దది. సెల్ తరంగం మరీ దగ్గరగా, మరీ ఎక్కువగా ఉంటే ఒళ్లు వేడెక్కిస్తుంది. హద్దులు పెట్టింది అందుకే. మన దేశం 2012లో అంతర్జాతీయ హద్దును పదో వంతుకు కుదించి అమలు చేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2011లో వీటిని ‘క్యాన్సర్ కారకం అయ్యే అవకాశం ఉండొచ్చు’ అన్న వర్గంలో పెట్టిన మాటా నిజమే, దాన్ని దాచమని నేను అనను. టవర్ హద్దు దాటిందేమో కొలవమని కాలనీ వాళ్లు అడగడం వాళ్ల హక్కు. ఆ కొలత అంకె మీరు వార్తలో వేస్తే జనానికి మేలు. అంకె లేకుండా భయం ఒక్కటే వేస్తే, అది ఎక్కడో నాయుడుపేట దగ్గర ఒక పసిదాని మీద పడుతుంది.

చివరి సిట్టింగు అయిన సాయంత్రం వాళ్లు ముగ్గురూ మెరీనా బీచికి వెళ్లారు. పెద్దమ్మ సముద్రం చూడటం అదే మొదటిసారని తర్వాత ఫోనులో చెప్పింది. నేను ఆ ఒడ్డున నడిచినప్పుడల్లా ఎదురుగా కనిపించే ప్రెసిడెన్సీ కాలేజీని చూస్తాను. సి.వి. రామన్ చదివింది అక్కడే, అంతకుముందు ఆయన చిన్నతనం గడిచింది మన విశాఖపట్నంలో. తలెత్తి చూస్తే ఆకాశం నీలం. సూర్యుడి వెలుతురు గాలి అణువుల్లోని ఎలక్ట్రాన్లను ఊపితే, అవి ఊగుతూ మళ్లీ అన్ని వైపులకూ వెలుతురు చిమ్ముతాయి. నీలం తరంగం ఎర్ర తరంగం కంటే వేగంగా ఊపుతుంది కాబట్టి త్వరణం ఎక్కువ. లార్మర్ లెక్క ప్రకారం నీలం దాదాపు 6 రెట్లు ఎక్కువగా చిమ్ముతుంది. పట్టపగలు నీలాకాశం కింద నిలబడటమంటే కోటానుకోట్ల ఎలక్ట్రాన్లు ఊగుతూ విడిచిన రేడియేషన్‌లో నిలబడటమే. శాస్త్రం ప్రకారం అక్షరాలా నిజమైన మాట. అందుకే అంటున్నాను, ఆ ఒక్క మాట వార్తకు చాలదు.

నిజంగా జాగ్రత్త చెప్పాల్సిన చోటు వేరే ఉంది. ఛాతీ ఎక్స్‌రే ఒకటికి 0.1 మిల్లీసీవర్ట్ లోపే. కడుపు సీటీ స్కాన్‌కు 8, 10 దాకా పోతుంది. మట్టి, గాలి, ఆకాశం నుంచి మనిషికి ఏడాదంతా సహజంగా అందేది ప్రపంచ సగటున 2.4. అవసరమైతే సీటీ ప్రాణం కాపాడుతుంది, అందులో సందేహం లేదు. కానీ పాత స్కాను బల్ల మీద ఉండగానే కొత్తది తీయించుకుని వచ్చేవాళ్లను నేను ప్రతి వారం చూస్తాను. కడుపుతో ఉన్నానేమో అన్న అనుమానం సిగ్గుతో చెప్పని ఆడవాళ్లనూ చూశాను. ఎక్స్‌రే ఎంత ప్రమాదమో మొదటి రోజుల్లోనే మా వృత్తికి తెలియజెప్పిన వాళ్లలో క్లారెన్స్ డాలీ ఒకడు. ఎడిసన్ దగ్గర ఎక్స్‌రే గొట్టాలు తన చేతి మీదే పరీక్షించుకుంటూ పని చేసి, చేతులు పోగొట్టుకుని, 1904లో చనిపోయాడు. ఎడిసన్ ఆ పనే వదిలేశాడు. ఈ కిరణాలంటే నాకు భయం లేదని ఎవరూ అనుకోవద్దు. తలుపు మూసుకుందో లేదో రెండుసార్లు చూడకుండా నేను ఒక్కరోజూ బటన్ నొక్కలేదు.

కాబట్టి మీకు నా విన్నపం. మీ విలేకరులు రేడియేషన్ అని రాసినప్పుడల్లా పక్కన ఇంకొక్క మాట చేర్చమనండి. రేడియో తరంగమా, ఎక్స్‌రేనా, అణు పదార్థమా అన్నది. స్విచ్ తీస్తే పోయేదా, పోనిదా అన్నది రాస్తే ఇంకా మంచిది. చదువుకోని మా పేషెంట్లు ‘కరెంటు పెట్టడం’ అన్నప్పుడు ఆ సంగతి వాళ్ల మాటలోనే ఉంది.

మా ఆసుపత్రిలో పేషెంట్లకిచ్చే కాగితం ఇంగ్లీషులో, తమిళంలో మాత్రమే ఉంది. తెలుగులో నేను చేత్తో రాసి, మా డాక్టరుగారికీ ఫిజిసిస్టుకూ చదివి వినిపించి, వాళ్లు సరే అన్నాక జెరాక్సులు తీసి పంచుతున్నాను. ఒక పేజీయే. పేషెంటు పక్కన పడుకోవచ్చా, ఒకే పళ్లెంలో తినొచ్చా, పిల్లలను ఎత్తుకోవచ్చా, గీతలు చెరగకుండా స్నానం ఎలా చేయాలి అన్నవి ఉన్నాయి. అయోడిన్ మందు తీసుకున్న వాళ్లకు నియమాలు వేరని కింద విడిగా రాశాను. ఈ ఉత్తరంతో జత చేస్తున్నాను. నా పేరు వేయనక్కర్లేదు. వీలైతే నెల్లూరు, తిరుపతి జిల్లాల పేజీల్లో, ఆదివారం నాడు వేయండి. మా దగ్గర కొత్త వాళ్లకు సోమవారం మొదలుపెడతాం, వాళ్లు ముందు రోజు సాయంత్రమే రైలెక్కుతారు.

ఇట్లు,
ఒక రేడియోథెరపీ టెక్నాలజిస్టు,
చెన్నై